ఎనిమిది పైపులు, ఒక గుంజ

ఆ ఎండాకాలం మా దొడ్డిలో నేను ఎనిమిది గుంతలు తవ్వాను. ఒకటి పూడ్చాను. తవ్వడానికి వారం పట్టింది. పూడ్చడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

అప్పటికి శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీలు తోసే పని నాది. ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన బండ్లను ఒకదాంట్లో ఒకటి గుచ్చి, ఇరవై ముప్పై ఒక్క వరుసగా లోపలికి తోలుకురావాలి. డిగ్రీ చదివి ట్రాలీలు తోస్తున్నావా అని అడిగినవాళ్లకు, చదవనివాళ్ల కంటే వరుస తిన్నగా పెడతానని చెప్పేవాణ్ణి. మూడేళ్లలో కాళ్లు గట్టిపడ్డాయి. చేతుల్లో మాత్రం సత్తువ లేదు. ఆ సంగతి ఫిబ్రవరిలో బయటపడింది. విమానాశ్రయాల్లో మంటలార్పే ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. జూన్ మూడో వారంలో దేహ పరీక్ష అన్నారు. పరుగు, నిచ్చెన, తాడు పట్టుకుని పైకి పాకడం, అరవై కిలోల బరువును మనిషిని మోసినట్టు భుజాన వేసుకుని ఉరకడం. ఆ సాయంత్రమే దొడ్డిలో వేపకొమ్మ పట్టుకుని వేలాడాను. గడ్డం కొమ్మదాకా పోవడం అటుంచి, మోచేతులే వంగలేదు.

బర్రెకు కుడితి పెడుతున్న రుక్కమ్మత్త తలెత్తి చూసింది.

"ఏంది కొడుకా, బీరకాయ లెక్క ఏలాడుతున్నవ్?"

రుక్కమ్మ మా నాయిన చెల్లెలు, మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక అన్ననూ నన్నూ తన బర్రె పాలమీద పెంచింది. దొడ్డి మూలకున్న రేకుల గదిలో ఉంటుంది. తెల్లారేసరికి పాలు పిండి పది పన్నెండు ఇళ్లకు పోస్తుంది. ఎవరి చేతికిందా లేకుండా బతకడం ఆమెకు ఆ దొడ్డి ఇచ్చిన మర్యాద.

నాయిన పోయేముందు ఊరి పెద్దలను నలుగురిని మంచం దగ్గరికి పిలిపించుకుని పంపకం చెప్పాడు. పాత ఇల్లు నాకు. దొడ్డి మా అన్న ఉపేందర్‌కు. అయితే దొడ్డిలో రుక్కమ్మ గుంజ పాతి ఉన్నంతకాలం దాన్ని అమ్మకూడదు, ఆమెను కదపకూడదు. గుంజంటే బర్రెను కట్టేసే తుమ్మమొద్దు, నడుమెత్తు ఉంటుంది. ఇట్లాంటి మాటను మా ఊళ్లో కాగితం మీద పెట్టరు. పశువు ఉన్నా, పాతది పోయి కొత్తది వచ్చేదాకా కొట్టం ఖాళీగా ఉన్నా, గుంజ నిలబడి ఉంటే ఆ చోటు ఆ మనిషిది. పీకేస్తే వదులుకున్నట్టు. ఇది నాకు తెలియక కాదు. తెలిసినదాన్ని పట్టించుకోకపోవడం వేరే జబ్బు.

మార్చిలో అత్త బర్రె వట్టిపోయింది. చుట్టూ చేలన్నీ ప్లాట్లయి గడ్డికి కరువు. ఎండాకాలమంతా కొని మేపలేక అమ్మేసింది. మిర్గం వస్తే, అంటే జూన్‌లో తొలకరి పడి గడ్డి మొలిస్తే, షాద్‌నగర్ అంగట్లో చూడి బర్రెను పట్టుకొస్తానన్నది. ఆ మూడు నెలలు ఆమె పాలు పోసే ఇళ్లవాళ్లు ప్యాకెట్లు తెచ్చుకున్నారు. దొడ్డిలో గుంజ ఒక్కటే మిగిలింది.

అప్పుడే అన్న జిమ్ము మాటెత్తాడు.

ఉపేందర్ ప్లాట్లు చూపించే పని చేస్తాడు. తెల్లచొక్కా మడత నలగకుండా రోజంతా తిరగగలడు. నేను తిన్నానో లేదో ఏనాడూ అడగనివాడు, ఒకనాడు నా పక్కన కూర్చుని నా భుజం పిసికి చూశాడు. శంషాబాద్‌లో జిమ్ముకు పోదామంటే నా షిఫ్టుకూ వాళ్ల వేళలకూ కుదరదు, పైగా నాకు కావలసింది ఇనుపబిళ్లలు ఎత్తడం కాదు, నా ఒళ్లు నేను మోసుకోవడం. ఆ మాట నేనంటే అన్న వెంటనే అందుకున్నాడు.

"గందుకే ఇంట్లనె పెడదాం తమ్మీ. నాలుగు పైపులు పాతుకుంటే నీ ఒళ్లే నీకు బరువు. దొడ్డి ఖాళీగనె ఉన్నది గద."

ప్లాట్ల కాగితం వెనకవైపు పెన్నుతో గీశాడు. ఇక్కడ ఎత్తుపైపు, ఇక్కడ తాడు, ఇక్కడ దండీలు తీసేందుకు జోడుపైపులు. నాకోసం అన్న బొమ్మ గీయడం అదే మొదటిసారి. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

అత్తను నేనే అడిగాను. ఆమె దొడ్డంతా ఒకసారి చూసి, కానియ్యి అన్నది.

"గుంజ మాత్రం ముట్టకుండ్రి. మిర్గం దాక గట్లనె ఉండనీ."

ముట్టమని చెప్పాను.

కాటేదాన్‌లో సఖావత్ అనే వెల్డింగాయన అన్నకు తెలుసు. ప్లాట్ల గేట్లన్నీ ఆయన చేతివే. మేం గీసుకొచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు చౌకట్టు లాంటి చట్రం ఒక్కటి గోడకు ఆనించి పాతితే చాలన్నాడు. పై కడ్డీకి వేలాడొచ్చు, తాడు అక్కడే కట్టొచ్చు, రింగులు అక్కడే, కింద కడ్డీ మీద దండీలు. అన్నిటికీ కలిపి మంచమంత జాగ సరిపోతుంది.

"గింత కసరత్తుకు గంత జాగ ఎందుకు భాయ్?"

"తమ్ముడు ఖుల్లాగ చెయ్యాలె," అన్నాడు అన్న. "ఒక్కొక్కటి దూరం దూరం పెట్టు."

"మీ మర్జీ. ఇనుము మీది," అని సఖావత్ చాక్‌పీసుతో పైపుల మీద గుర్తులు పెట్టుకున్నాడు.

ఆయన పనిమంతుడు. పైపు నిలబడేది పైపుతో కాదు, గుంతతో అని చెప్పి ఒక్కో గుంత రెండున్నర అడుగులు తవ్వించాడు. తాడుకూ రింగులకూ పద్నాలుగు అడుగుల జంట ఒకటి. దానికి అవతల ఎనిమిది అడుగుల జంట. వాటికి జానెడుకొకటి చొప్పున బెజ్జాలు వేశాడు, అడ్డకడ్డీని నడుమెత్తున, రొమ్మెత్తున, తల మీద, ఎక్కడ కావాలంటే అక్కడ దూర్చుకోవచ్చు. ఈ మూలన దండీలకు పొట్టిపైపులు నాలుగు. మిగిలిన ముక్కలతో చేతిపిడులు చేసిచ్చాడు. చువ్వను గుండ్రంగా వంచి సైకిల్ ట్యూబు చుట్టి రింగులు చేశాడు. తుక్కు దుకాణంలో దొరికిన కన్వేయర్ బెల్టు రబ్బరు కింద పరిచాం. తాడు మాత్రం అత్త చేసింది. ఇంట్లో పడి ఉన్న పాత పగ్గాలు మూడింటిని కలిపి మూడు సాయంత్రాలు పేనింది. ఒక కొన కాలి బొటనవేలికి తగిలించుకుని, ఇంకో కొన నన్ను పట్టుకోమని, పురి సడలితే తిట్టింది. దూడను కట్టిన తాడు మనిషిని మొయ్యదా అన్నది.

అన్నీ పాతాక చూస్తే దొడ్డి నిండిపోయింది. మధ్యలో గుంజ, దాని చుట్టూ పైపులు. బర్రె పడుకోవడానికి పడమటి గోడ పక్కన కాస్త జాగ మిగిలినట్టు అనిపించింది. దూడ సంగతి నాకు తట్టలేదు.

ఏప్రిలంతా ఒళ్లు పులిసిపోయింది. షిఫ్టు దిగి మూడింటికి ఇల్లు చేరి, ఎండ గోడ దాటాక మొదలుపెట్టేవాణ్ణి. ముందు కడ్డీని నడుమెత్తున పెట్టుకుని, దాని కింద వెల్లకిలా పడుకుని, రొమ్మును కడ్డీదాకా గుంజుకోవడం. వారం తర్వాత పై కడ్డీ. ఎక్కడం రాదు కాబట్టి ఎత్తుపీట మీంచి ఎగిరి పట్టుకుని, మెల్లగా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా కిందికి దిగడం. దిగగా దిగగా ఎక్కే బలం వస్తుందని ఫోనులో ఒకాయన చెప్పాడు. వచ్చింది కూడా. నెలాఖరుకు గడ్డం మొదటిసారి కడ్డీ దాటింది.

రేకుల గది గడపలో కూర్చుని అత్త లెక్కపెట్టేది. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆమెకు లెక్కంటే అదే.

"లాభం," అనేది నా గడ్డం కడ్డీ దాటగానే. "రెండు. మూడు. నాలుగు... ఏంది, కుంచం సగమే నిండింది. ఇంక గుంజు."

అన్న కూడా రోజూ వచ్చేవాడు. ఫోను అడ్డంగా పట్టుకుని వీడియోలు తీసేవాడు, చూసుకుంటే తప్పులు తెలుస్తాయని. పంపినవి చూసుకుంటే నా తల సగం తెగిపోయి ఉండేది, వెనక పడమటి గోడ మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకు పడేది. ఫోను పట్టడం రాదులే అనుకున్నాను. అన్నను నమ్మాను అని ఇప్పుడు రాస్తే పెద్ద మాటవుతుంది. అనుమానించే పని ఉందని తోచలేదు, అంతే.

మే నెల మధ్యలో రింగుల మీంచి దూకుతుంటే మడిమ గుంజకు గీసుకుంది. తోలు లేచింది. అన్న అక్కడే ఉన్నాడు. కాలు కడిగి పసుపు పెట్టింది కూడా అన్నే.

"తమ్మీ, మడిమె పోతే పరీక్ష పోయినట్టే. గుంజ పీకి పక్కన పెట్టు. పరీక్ష అయినంక మళ్ల పాతుదాం."

"అత్త ముట్టొద్దన్నది గద."

"అత్త ఏమన్న బయటిదా? మనమేమన్న బయటోళ్లమా? ఒచ్చినంక చెప్పు."

అత్త ఆ రెండ్రోజులు మహేశ్వరంలో పెళ్లికి పోయి ఉంది. ఆమె ఉంటే అడగాల్సి వచ్చేది. లేదు కాబట్టి అడగకపోవడం తేలికైంది. మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని చుట్టూ తవ్వి ఊపాను. నా కంటే పాత గుంజ. పగ్గం ఒరిసి ఒరిసి మధ్యలో నున్నగా నడుంలా సన్నబడి ఉంది. ఊడి వచ్చేటప్పుడు తడిమట్టి వాసన వచ్చింది, అంత ఎండలోనూ. పడమటి గోడకు ఆనించి పెట్టాను. గుంత పూడ్చి, తొక్కి, రబ్బరు మీదికి జరిపాను. అన్న వచ్చి ఫోను తీసి దొడ్డినంతా ఒకసారి చుట్టూ తిప్పి పట్టాడు. ఇప్పుడు అసలు జిమ్ములా ఉంది అన్నాడు. నాకూ అట్లానే అనిపించింది.

అత్త వచ్చేసరికి నేను కడ్డీకి వేలాడుతున్నాను. సంచి గడపలో పెట్టి దొడ్డి మధ్యకు వచ్చింది. రబ్బరు మీద పాదంతో ఒకసారి ఒత్తి చూసింది. మెత్తగా ఉండి ఉంటుంది.

"గోడకు పెట్టిన అత్తా. పరీక్ష అయినంక పాతుత," అన్నాను కిందికి దిగకుండానే.

ఆమె గోడవైపు చూసింది. నావైపు చూసింది.

"ఎన్నైనయి?" అన్నది.

"ఆరు."

"ఇంకో నాలుగు గుంజు," అని లోపలికి పోయింది.

మాట అక్కడితో తీరిపోయిందని నేను ఎంతో సంతోషపడ్డాను.

వారం తర్వాత మనిషిని మోసే సాధన మొదలుపెట్టాను. ఇసుక సంచి భుజం మీద నిలవదు, పక్కకు జారుతుంది. మనిషి కావాలి. అన్న ఎనభై కిలోలు. అత్త తానే ముందుకొచ్చింది. ఇంట్లో మిగిలిన తవుడు సంచిని కాటా మీద పెట్టి చూసింది.

"నేను యాభై. గిది పది. సరిపాయె. ఎత్తు."

సంచిని పొట్టకు కరుచుకున్న అత్తను భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు పరిగెత్తాను. సంచి చిరిగి తవుడు నా చెవిలో పడింది. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి మళ్లీ ఉరికాను. ఆ ఊపుకు నవ్వు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నలభై ఏళ్ల కింద ఎడ్లబండి ఎక్కినప్పుడు ఇట్లా ఊగిన అన్నది. "లాభం... రెండు..." అంటూ గోడ తాకినప్పుడల్లా లెక్కపెట్టింది. వాకిట్లో నిలబడి అన్న వీడియో తీస్తున్నాడు. ఆయన కూడా నవ్వాడు. అది దొంగనవ్వని ఇప్పటికీ అనలేను.

మిర్గం నాడు వాన పడలేదు, మబ్బు పట్టింది. అత్త పొద్దున్నే షాద్‌నగర్ అంగడికి పోయి, మధ్యాహ్నానికి ట్రాలీ ఆటోలో బర్రెను తీసుకొచ్చింది. కొమ్ములు తిరిగిన చూడి బర్రె, పదిహేను రోజుల్లో ఈనుతుందట. దాన్ని దింపి దొడ్డిలోకి తోలుకొచ్చి, పగ్గం చేతిలో పట్టుకుని నిలబడింది.

నాకు గుంజ గుర్తొచ్చింది. పరీక్ష ఇంకా పన్నెండు రోజులుంది, అయినా పాతేద్దామని గోడ దగ్గరికి పోయాను. అక్కడ లేదు. గోడ పొడుగునా వెతికాను, రేకుల గది వెనక వెతికాను. అన్న ఇంటి పెరట్లో నీళ్లపొయ్యి ముందు సునీత వదిన కూర్చుని ఉంటే ఆమెను అడిగాను.

"గా తుమ్మమొద్దా? మీ అన్న పొయ్యిల పెట్టమన్నడు. వారం దినాలు కాగినయి నీళ్లు."

పొయ్యిలో బూడిద కూడా ఆనాటిది కాదు.

తిరిగి వచ్చేసరికి అత్త బర్రెను నేను వేలాడే ఎనిమిది అడుగుల పైపుకు కట్టేసింది. బర్రె ఒకసారి లాగి చూసింది, పైపు కదల్లేదు. సఖావత్ చెప్పినట్టే గుంత గట్టిది. దాని మీద చెయ్యేసి అత్త నాతో, ఇదీ గుంజే గదా అన్నది. అన్న అప్పుడే లోపలికొచ్చాడు. చొక్కా తెల్లగా ఉంది.

"గది నా పైపు అత్తా. గుంజ కాదు. గుంజ ఏడున్నదో సూపియ్యి."

గొంతు పెంచలేదు. ఏదో సంతకం ఎక్కడ పెట్టాలో చూపినట్టు అన్నాడు. అప్పుడు నాకు ఎనిమిది పైపులూ ఒక్కసారి కనబడ్డాయి. దూరం దూరంగా ఎందుకు పాతించాడో, ఫోను అడ్డంగా ఎందుకు పట్టాడో, నా మడిమకు పసుపు ఎందుకు పెట్టాడో.

దొడ్డిని పక్క గోదాము వాళ్లకు ఇవ్వడానికి అన్న అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. వాళ్ల షరతు ఒక్కటే, ఊళ్లో పేచీ ఉండకూడదు. అందుకే పెద్దలను తానే పిలిపించాడు. సాయంత్రం మూతపడిన పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నారు. నాయిన మంచం దగ్గర మాట విన్న నలుగురిలో ఇద్దరే మిగిలారు. పెద్దాయన కుర్మయ్య తాత. బర్రెను పాలకేంద్రం కిటికీ చువ్వకు కట్టి అత్త పక్కన నిలబడింది.

నేనే ముందు చెప్పాను. అత్త వద్దన్నదని, ఆమె ఊళ్లో లేనప్పుడు నేనే పీకానని, మళ్లీ పాతుదామని అన్న చెప్పాడని, ఆ గుంజను అన్నే పొయ్యిలో పెట్టించాడని. అన్న కాదనలేదు. ఫోను తీసి తాత చేతికిచ్చాడు. తాత దాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. అందులోంచి అత్త నవ్వు వినబడింది. ముక్కలు ముక్కలుగా, గోడకు గోడకు మధ్య. లాభం. రెండు. విమానం ఒకటి మా మీదుగా దిగింది. అది పోయేసరికి వీడియోలో లెక్క ఐదుకు వచ్చింది.

"గిది తీసేటప్పటికి గుంజ పోయిందా?" అడిగాడు తాత.

"పోయి వారం తాత. ముందు దొడ్డంత తీసిన వీడియో గూడ ఉన్నది. తారీఖులు కిందనే ఉంటయి," అన్నాడు అన్న.

తాత ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు. నావైపు తిరిగి, నువ్వు అబద్ధం చెప్తున్నావని అనడం లేదన్నాడు. పీకింది నువ్వే కావొచ్చు, పీకించింది వాడే కావొచ్చు, కానీ చోటు పోయిన మనిషి ఆ దినమే వచ్చి నలుగురికి చెప్పాలి, చెప్పకుండా భుజమెక్కి నవ్వితే వదులుకున్నట్టే గదా అన్నాడు. నవ్వినందుకా తాతా అని నేనన్నాను. రెండో పెద్దమనిషి నన్ను కూర్చోమన్నాడు. తాత అత్తవైపు తిరిగాడు. ఆయన అడిగిన తీరులో ఒక దారి తెరిచిపెట్టే ప్రయత్నం ఉంది. ఏదో ఒక సాకు చెప్తే పట్టుకుందామని చూశాడు.

"ఎందుకు చెప్పలే రుక్కవ్వా? కాలు నొచ్చిందా, జరమొచ్చిందా? ఏదన్న ఉంటే చెప్పు."

అత్త బర్రె వీపు మీద ఈగను తోలింది.

"పోరనికి పరీక్ష ఉండె," అన్నది.

నా తల వంగిపోయింది. తాత ఫోను అన్నకు ఇచ్చేసి, గుంజ లేదు గనక చోటు ఉపేందర్‌దేనని, అత్త దసరాదాకా గదిలో ఉండొచ్చని చెప్పాడు. అత్త దసరా వద్దన్నది. మర్నాడు పొద్దున షాద్‌నగర్ అవతల ఆమె ఆడబిడ్డ ఊరికి అదే ట్రాలీ ఆటోలో పోయింది. బర్రె, పెట్టె, పాలక్యాను. నా ఇంట్లో ఉండమని రాత్రంతా బతిమాలాను. నీ ఇంట్లో బర్రెను కట్టే చోటేది అన్నది. నిజమే, నా వాటాకు దొడ్డి లేదు.

పెట్టె నేను మోస్తానంటే మోయనిచ్చింది. ఆటోలో పెట్టాక, ఇగ దించు అన్నట్టు నా భుజం మీద ఒక్కసారి చెయ్యేసింది.

అన్న తన ఇంట్లో అన్నం తింటుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. నాకు జిమ్ము కట్టించింది గుంజ పీకించడానికేనా అని అడిగాను. ఆయన ముద్ద మింగి నీళ్లు తాగాడు.

"పైపులు నీకే ఏసిన తమ్మీ. నువ్వు గెలవాలనె ఏసిన, ఒట్టు. గది అబద్ధం కాదు. గిది గూడ అబద్ధం కాదు."

వదిన నాకూ కంచం పెట్టింది. లేచి వచ్చేశాను. ఒక పని కోసం చేసిన ప్రేమైతే తిట్టిపోసి మరిచిపోవచ్చు. ఆయన రెండు పనులూ ఒకే చేత్తో చేశాడు. ఏది ఎక్కడ ఆగిందో విడదీయడం నాకు చేతకాలేదు, ఇప్పటికీ కాలేదు.

మిగిలిన పది రోజులూ ఆ దొడ్డిలోకి పోలేదు. పరీక్ష నాడు తాడు ఎక్కాను. నున్నటి తాడు, చేతికి ఏమీ గుచ్చుకోలేదు. అరవై కిలోల బొమ్మను భుజాన వేసుకుని పరిగెత్తాను. బొమ్మ జారలేదు, నవ్వలేదు. గీత దాటాక గడియారం చూసేవాడు సెకండ్లు చెప్పాడు. గెలిచాను. ఊళ్లో అన్న మిఠాయి పంచాడట.

జూలైలో జేసీబీ వచ్చి పైపులు పీకింది. చూడకూడదనుకుంటూనే గోడ మీంచి చూశాను. ఒక్కో పైపూ కింద కుండంత కాంక్రీటు ముద్దతో సహా లేచింది. ఎనిమిదీ తీసి లారీలో వేశారు. మధ్యలో నేను పూడ్చిన చోట పీకడానికి ఏమీ లేదు. బండి దాని మీదుగా రెండుసార్లు నడిచి పోయింది.

ఉద్యోగపు కాగితం వచ్చాక అది జేబులో పెట్టుకుని షాద్‌నగర్ బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఆడబిడ్డ వాళ్ల చేను గట్టున రేకుల పందిరి, పందిరి కింద బర్రె, పక్కన దూడ. ఎవరిదో గుంజకు కట్టేసి ఉంది. అత్త గడ్డి కత్తిరిస్తోంది. కాగితం చూపిస్తే చేతులు కొంగుకు తుడుచుకుని పట్టుకుంది. తలకిందులుగా పట్టుకున్నదని నేను చెప్పలేదు. ఎన్ని గుంజుతున్నవ్ ఇప్పుడు అని అడిగింది. పద్నాలుగు అన్నాను. మంచిగుంది అన్నది.

చెప్పాలనుకున్న మాట బస్సులో నాలుగుసార్లు కూర్చుకున్నాను. తీరా నోటికి వచ్చింది వేరు.

"నువ్వు ఊళ్లె లేవనే పీకిన అత్తా ఆ దినం."

"తెల్సు," అన్నది. గడ్డి కట్ట విప్పి దూడ ముందు వేసింది. "ఉంటే అడుగుతుంటివి. అడిగితే ఇద్దును కొడుకా. నువ్వు అడగలే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి.

పాలు పిండే వేళైంది. అత్త చెంబు కడుక్కొచ్చి, దూడను విప్పి, ఒక గుక్క తాగనిచ్చి లాగి కట్టేసింది. బర్రె పక్కన గొంతుక్కూర్చుని పొదుగు మీద నీళ్లు చల్లింది. బర్రె కాళ్లు మార్చింది. తల తిప్పి నావైపు చూసి బుసకొట్టింది. అత్త రెండుసార్లు లాగి చూసింది. చుక్క రాలేదు.

"జర దూరం నిలబడు కొడుకా," అన్నది తల ఎత్తకుండా. "కొత్తోళ్లుంటే పాలు చేపదు ఇది."

నేను చేను గట్టుదాకా జరిగాను. అప్పటికీ పాలధార చెంబులో పడిన చప్పుడు వినబడలేదు. ఇంకా వెనక్కి, బాటమీదికి పోయి నిలబడ్డాను.